శనివారం ఎవరుంటారు?

ఎల్డాల్ వృద్ధుల హోమ్, నార్త్ డకోటా
నవంబరు, మొదటి మంచు పడిన మర్నాడు

తమ్ముడు ఆర్నేకి,

క్షేమం అని రాయను. అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టే అలవాటు నాకు లేదు. తుంటి ఎముక అతుక్కుంటోందని డాక్టరు అన్నాడు. చెవులు మాత్రం బాగుపడేవి కావు కాబట్టి నువ్వు ఫోనులో ఎంత అరిచినా దండగే. చెప్పదలచుకున్నది రాసి పంపు.

నువ్వూ నీ పెళ్ళాం బెర్నిసూ నన్నిక్కడ దింపి, "వసంతం దాకా ఓపిక పట్టక్కా, జిల్లాలోకెల్లా మంచి హోమ్ ఇది" అని చెప్పి, కారెక్కి అరిజోనా ఎండలోకి పోయారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ రాష్ట్రంలో హోములన్నీ తిరిగి, ఏది మంచిదో ఏది కాదో తేల్చిన ఇన్‌స్పెక్టర్ని నేను. ఏది మంచి హోమో నాకు నువ్వు చెబుతున్నావు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

సరే, ఈ హోమ్ బోర్డు అధ్యక్షుడివి కదా, విను. ముందు హాల్లో పియానో ఉంది, పూలకుండీలున్నాయి, నిమ్మకాయ వాసన వస్తుంది. అదంతా చూడవచ్చే చుట్టాల కోసం. నేను వాటిని ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. మంచంలో ఉన్న మనిషి పెదవులు చూస్తాను, ఎండిపోయాయా అని. గంట తాడు చేతికి అందుతోందా, గోడకి చుట్టేశారా అని చూస్తాను. పనివాళ్ళు ఆ మనిషితో మాట్లాడుతున్నారా, ఆ మనిషి తల మీదుగా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నారా అని వింటాను. చెవుడున్నా అది తెలుస్తుంది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా మీ హోమ్ పరవాలేదు. శనివారం వచ్చేసరికి మా నడవకంతటికీ పనిపిల్ల డార్లా ఒక్కతే. ఆ పిల్ల పడుతూ లేస్తూ పరుగెత్తినా పనిలో సగం కాదు.

నా పక్క మంచం ఎవరిదో తెలుసా? మర్టిల్ టోలెఫ్‌సన్‌ది. నీ పెళ్ళిలో ఆర్గన్ వాయించిన మర్టిల్. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. తనంతట తాను ఒత్తిగిలలేదు. శనివారం పొద్దున్న ఏ పక్కకి పడుకోబెడితే సాయంత్రానికీ అదే పక్క. దీని సంగతి చూడు.

నీ అక్క
సోల్వేగ్


మెసా, అరిజోనా
నవంబరు చివర

అక్కకి,

నీ ఉత్తరం కంటే ముందు మేనేజరు క్రిస్టీ ఫోను వచ్చింది. ఏడ్చింది ఆ అమ్మాయి. నువ్వు వాకరు తోసుకుంటూ గది గదికీ తిరిగి, దుప్పట్లెత్తి చూస్తున్నావట. ఎవరికి కావాలన్నా నువ్వే గంటలు మోగిస్తున్నావట. డార్లా నీ గదిలోకి రావాలంటే ముందు ప్రార్థన చేసుకుని వస్తోందట. ఇంకో అమ్మాయి నీ దెబ్బకి పని మానేసి పెట్రోలు బంకులో చేరింది. "అక్కడైతే నా వెనకాల ఎవరూ నిలబడి చూడరు" అందట.

నువ్వు రిటైరయ్యావక్కా. అక్కడ నువ్వు ఇన్‌స్పెక్టరువి కాదు, తుంటి విరిగిన ముసలిదానివి. మంచు మీద నడవొద్దు, మనిషిని పంపుతానంటే వినకుండా పోస్టు డబ్బా దాకా పోయి పడింది ఎవరు? నేనా?

మన ఊళ్ళో పనికి మనుషులు ఎక్కడున్నారు? ఉన్నవాళ్ళని చక్కెరదుంపల ఫ్యాక్టరీ లాక్కుపోతోంది. శనాదివారాలు తక్కువమందితో నడుపుదామని బోర్డులో అందరం చేతులెత్తాం. చుట్టాలొచ్చే రోజులు కదా, ఎవరివాళ్ళని వాళ్ళు కాస్త చూసుకుంటారని. అదేం పాపం కాదు.

బెర్నిస్ నీకు నారింజపళ్ళ పెట్టె పంపింది. తిను. నోటికి కాస్త పని ఉంటుంది.

ఆర్నే


ఎల్డాల్ హోమ్
డిసెంబరు

బోర్డు అధ్యక్షులు శ్రీ ఆర్నే బ్రెక్కే గారికి,

నారింజలు అందాయి. నడవలో పంచాను.

చుట్టాలొచ్చి చూసుకుంటారన్నారు తమరు. బయట ఉమ్మితే గడ్డకట్టే చలి. చుట్టాల్లో సగంమంది తమరిలాగే ఎడారిలో ఎండ కాచుకుంటున్నారు. మా నడవకి క్రమం తప్పకుండా వచ్చేవాడు మర్టిల్ మొగుడు ఆర్విల్ ఒక్కడే. చెవుల టోపీ పెట్టుకుని నడిచి వస్తాడు. ఆమె చెయ్యి పట్టుకుని గోధుమల ధరలు చెబుతాడు. ఒత్తిగిలించడం అతని వల్ల కాదు. నడుం పోయిన మనిషి.

మొన్న శనివారం జరిగింది రాస్తాను. మర్టిల్ నీళ్ళ చెంబు కిటికీ గట్టు మీద పెట్టారు. ఆమెకి పనిచేసే చెయ్యి ఒకటే, అది ఇటుపక్క ఉంది. కళ్ళతో చెంబుని చూస్తోంది, నన్ను చూస్తోంది. నేను లేచి స్ట్రా పెట్టి తాగించాను. చెంబంతా తాగేసింది. అప్పుడు గంట కొట్టాను. చాలాసేపటికి డార్లా వచ్చింది.

"ఈమెని పక్కకి తిప్పాలి" అన్నాను.

"తిప్పుతా. ముందు నాలుగో గదిలో ఆయన కింద తడిపేసుకుని కూచున్నాడు."

"పొద్దున్న కూడా ఇదే మాటన్నావు."

"పొద్దున్న వేరే ఆయన! నాకున్నవి రెండు చేతులే ఇన్‌స్పెక్టరు గారూ. మూడోది మీ తమ్ముణ్ణి అడగండి, మొలిపిస్తాడేమో!"

ఆ పిల్ల పొగరుబోతు. గంట తాడు గోడకి చుట్టేది కూడా అదే, నా కళ్ళతో చూశాను, మొహం మీదే తిట్టాను. కానీ మూడో చెయ్యి గురించి అన్నది నిజం.

ఇద్దరం కలిసి మర్టిల్‌ని తిప్పాం. నా తుంటి కలుక్కుమంది. ఆమె నడుం కింద చర్మం ఎర్రగా కందింది, వేలితో నొక్కితే ఆ ఎరుపు పోవడం లేదు. దాని అర్థం తమరికి తెలియదు. నాకు తెలుసు. అది పుండుకి మొదలు.

శనాదివారాలకి మనుషుల్ని పెట్టండి. కొత్త సంవత్సరం వచ్చేలోగా పెట్టకపోతే రాష్ట్ర ఆరోగ్యశాఖకి రాస్తాను. వాళ్ళు చెప్పకుండా వస్తారు. వాళ్ళు ఏం చూడాలో నేర్పిందాన్ని నేనే.

సోల్వేగ్ బ్రెక్కే


మెసా
క్రిస్మస్ ముందు

మాజీ ఇన్‌స్పెక్టరు గారికి,

బెదిరిస్తున్నావా? మీరు, తమరు అంటూ ఎవరికి రాస్తున్నావో గుర్తుందా? నిన్ను ఆస్పత్రి నుంచి ఎత్తుకుని తీసుకొచ్చినవాణ్ణి నేను.

ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇవాళ అంటాను. నార్బీ హోమ్‌ని మూయించింది ఎవరు? అమ్మ అక్కడ హాయిగా ఉండేది. చుట్టూ తెలిసినవాళ్ళు, తన నార్వే భాష మాట్లాడేవాళ్ళు. ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. మీ వాళ్ళు ఊడిపడ్డారు, అది బాలేదు, ఇది బాలేదు అని రాసి తాళం వేశారు. అమ్మని బస్సులో ఎక్కించి పడమటి కొసన ఉన్న ఊరికి తోలారు. అక్కడ ఒక్క మొహం తెలియదు. నేను వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ నెలలోనే పోయింది. నువ్వు అంత్యక్రియలకి నీ ఆఫీసు కోటు వేసుకుని వచ్చావు. నాకు ఇంకా గుర్తుంది.

మీ కాగితాలు అమ్మని చంపాయి. ఇప్పుడు మర్టిల్‌ని చంపుతావా? ఈ హోమ్ మూతపడితే ఆమెని దూరాన ఫార్గో నగరానికి తీసుకుపోతారు. ఆర్విల్‌కి చూపు మందగించింది, కారు నడపలేడు. వాళ్ళిద్దరూ మళ్ళీ ఒకరినొకరు చూసుకోరు. ముందు అతన్ని అడిగి, ఆ తరవాత రాయి నీ రాష్ట్రానికి.

పండగ శుభాకాంక్షలు బెర్నిస్ రాయమంది. నేను రాయను.

ఆర్నే


ఎల్డాల్ హోమ్
జనవరి, తుఫాను వెలిశాక

ఆర్నే,

శనివారం మధ్యాహ్నం మొదలైన మంచు తుఫాను ఆదివారం రాత్రికి గాని ఆగలేదు. రోడ్లు మూసేశారు. ఆ తరవాత పనికి రావలసినవాళ్ళు రాలేకపోయారు. ఉన్నవాళ్ళు ఇద్దరు, అందులో ఒకతె వంటమనిషి. వాళ్ళని ఏమీ అనను. నిలబడే నిద్రపోయారు. కానీ మామూలు శనివారం మీరు నలుగురిని పెట్టి ఉంటే, తుఫానులో ఇద్దరైనా అదనంగా ఇక్కడ చిక్కుకుని ఉండేవారు.

నేను మర్టిల్‌కి నీళ్ళు పట్టించాను. తిప్పాలని చూశాను. ఒక్కదాన్ని, వాకరు మీద నిలబడేదాన్ని, నావల్ల కాలేదు. సోమవారానికి ఆమెకి జ్వరం. దుప్పటి తీస్తే ఎరుపున్న చోట చర్మం ఊడిపోయి ఉంది. ఫార్గో ఆస్పత్రికి తీసుకుపోయారు.

ఆరోగ్యశాఖకి ఉత్తరం పోస్టు చేశాను. ఆర్విల్‌ని అడగలేదు. అడిగితే వద్దంటాడు.

ఇప్పుడు అమ్మ సంగతి. నువ్వే ఎత్తావు కాబట్టి రాస్తున్నాను.

అమ్మ నార్బీలో హాయిగా లేదు. సొంతవాళ్ళున్న హోముకి ఇన్‌స్పెక్టర్ని పంపరు, కాబట్టి నేను ఆ ఊరికి కూతురిగానే వెళ్ళాను. అమ్మ గౌను మార్చుదామని లేపాను. వీపు కింద పుండు. నా పిడికిలి పట్టేంత గుంట, లోపల ఎముక తెలుస్తోంది. వాసన తెలియకుండా పౌడరు చల్లారు. నువ్వు వారం వారం అమ్మ ఎదురుగా కూచుని కాఫీ తాగావు. ఆమె బట్టల కింద ఏముందో చూడలేదు. కొడుకువి, చూడాలని నీకు తోచకపోవచ్చు. ఆ మాట అప్పుడే నీతో అందామనుకున్నాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆర్నేకి చెప్పకే. ఇక్కడ చేర్పించింది వాడు. తెలిస్తే ఇంక నా మొహం చూడలేడు. వాడు రావడం మానేస్తాడు" అంది.

నేను బయటికి వచ్చి ఆఫీసుకి ఫోన్ చేశాను. నార్బీ మూతపడింది అందుకు. అమ్మని చంపింది బస్సు ప్రయాణం కాదు, గోడ కాదు. ఆ పుండులోని విషం రక్తంలోకి ఎక్కింది. ఇన్నేళ్ళు నువ్వు నన్ను తిట్టుకుంటుంటే పడ్డాను. అమ్మకి మాటిచ్చాను కాబట్టి పడ్డాను. ఇప్పుడు ఇంకో ఆడమనిషి అదే దారిన పోతుంటే, ఇంకా ఆ మాట పట్టుకుని కూచోవడం నా చేత కాదు.

సోల్వేగ్


మెసా
జనవరి

నువ్వు అబద్ధమాడుతున్నావు. చచ్చిపోయిన అమ్మ నోట్లో మాటలు పెడుతున్నావు. గెలవడానికి నువ్వు ఏదైనా చేస్తావని తెలుసు గాని, ఇంతకి దిగుతావనుకోలేదు.

నాకు ఉత్తరాలు రాయకు.

ఆర్నే


ఎల్డాల్ హోమ్
ఫిబ్రవరి

ఆర్నే,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో వేసుకో. మెసాలో పొయ్యి అవసరం ఉండదేమో, చెత్తబుట్టలో వేసుకో.

రాష్ట్రం నుంచి ముగ్గురు వచ్చారు. శనివారమే వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి నన్ను గుర్తుపట్టి కూడా పట్టనట్టు ఊరుకుంది. అదే పద్ధతి. నేనూ ఊరుకున్నాను. హోమ్ మూయలేదు. శనాదివారాలకి మనుషుల్ని పెట్టేదాకా కొత్తవాళ్ళని చేర్చుకోకూడదన్నారు. వేసవిలోగా సరిచేయకపోతే అప్పుడు మూస్తారు. క్రిస్టీ రాజీనామా ఇచ్చింది. వెళ్ళేముందు నా గదికి వచ్చి, "నేను బోర్డుని ఎన్నిసార్లు అడిగానో మీకు తెలుసా?" అంది. తెలియదన్నాను. "తెలుసుకోకుండానే నన్ను తిట్టారు" అంది. నిజమే. తిట్టాను. నువ్వు ఆ సంగతి నాకు ఒక్క ముక్క రాయలేదు.

ఊరంతా నా మీద మండిపడుతోంది. చర్చి ఆడవాళ్ళు లెఫ్సే రొట్టెలు పంచడానికి వచ్చి, నా మంచం దాటి వెళ్ళిపోయారు. కిరాణా షాపువాడి తల్లి ఎదురు గదిలో ఉంటుంది. నన్ను చూసి తలుపు వేసుకుంటోంది.

అందరికంటే ఆర్విల్ నయం. మొహం మీదే తిట్టాడు. మర్టిల్ ఖాళీ మంచం దగ్గర నిలబడి, టోపీ చేత్తో నలుపుతూ అరిచాడు. చెవిటిదాన్నైనా ప్రతి మాటా వినపడింది.

"నన్ను అడిగావా? నా పెళ్ళాం, నన్ను అడిగావా? ఫార్గోలో అది ఎవరి మొహం చూస్తోంది? పొరుగువాళ్ళు ఎవరైనా తీసుకెళ్తే తప్ప నేను పోలేను. ఇవాళ నాలుగిళ్ళు తిరిగి అడుక్కున్నాను. నేను, ఆర్విల్ టోలెఫ్‌సన్‌ని, అడుక్కున్నాను!"

"ఆమె బతికే ఉంది" అన్నాను.

"నీ సర్టిఫికెట్ అక్కర్లేదు నాకు!"

ఇది నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను. సంతోషించు.

సోల్వేగ్


ఎల్డాల్, పొలం ఇంటినుంచి
మార్చి

అక్కా,

ఎక్కడినుంచి రాస్తున్నానో చూసి ఆశ్చర్యపడకు. బెర్నిస్‌ని మెసాలోనే వదిలి ఒక్కణ్ణే వచ్చాను. వచ్చి మూడు వారాలైంది. నిన్ను చూడలేదు. చూడాలని లేక చూడలేదు. మీ నడవకి అవతలి వైపు పని చేశాను.

అవును, పని. మనుషుల్ని పెట్టమని బోర్డులో అడిగితే, "ఎవరొస్తారు?" అన్నారు. నవంబరులో నేనే నీకు రాసిన మాట. ఒళ్ళు మండి, "ముందు నేనొస్తా" అన్నాను. ఇప్పుడు శనివారాలు నన్ను డార్లా కింద వేశారు. ఆ పిల్ల నన్ను "మూడో చెయ్యి" అని పిలుస్తోంది. ఎందుకో అడిగితే నిన్ను అడగమంది. అడగక్కర్లేదు, నీ ఉత్తరంలో చదివాను.

మొదటి శనివారం ఒక ముసలాయన్ని శుభ్రం చేయాల్సి వచ్చింది. పశువుల్ని పెంచినవాణ్ణి, నాకు అసహ్యం లేదనుకున్నాను. బయటికి పోయి మంచులో కక్కుకున్నాను. డార్లా తలుపు దగ్గర నిలబడి, "అయిందా? ఐదో గది ఎదురుచూస్తోంది" అంది. ఒక మనిషిని తిప్పడానికి ఎంతసేపు పడుతుందో, ఇద్దరుంటే ఎంత తేలికో నాకు అప్పట్లో తెలియదు. తెలియకుండానే బోర్డులో చెయ్యెత్తాను.

మర్టిల్ తిరిగొచ్చింది కదా. నిన్న నువ్వు కసరత్తు గదిలో ఉన్నప్పుడు డార్లా, నేను ఆమెని తిప్పాం. పుండుకి కట్టు మార్చడానికి నర్సు వచ్చింది. నేను బయటికి పోబోయాను. "ఉండి చూడండి అధ్యక్షుడు గారూ" అంది డార్లా. ఉన్నాను. చూశాను. మానుతున్న పుండు అది. అయినా చూడలేకపోయాను. మానని పుండు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

నువ్వు అబద్ధమాడావని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోపం మాత్రం వెనక్కి తీసుకోను. నాకు చెప్పాల్సింది. అమ్మ వద్దన్నా చెప్పాల్సింది. నేను మొహం చూడలేనని ఆమె అనుకుంది, నువ్వూ అదే అనుకున్నావు. ఇద్దరూ కలిసి నన్ను పనికిరానివాడి కింద జమకట్టేశారు. ఆ అవకాశం నాకు ఇవ్వలేదు. దీనికి నిన్ను క్షమించను.

నీ తుంటి బాగుపడిందని డాక్టరు చెప్పాడు. పొలం ఇంట్లో కింద గది సర్దాను. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఊచలు బిగించాను. వచ్చే వారం వచ్చి తీసుకుపోతాను. కలిసుంటే కొట్టుకుంటాం, తెలుసు. అయినా సర్దాను.

ఆర్నే


ఎల్డాల్ హోమ్
ఏప్రిల్, వాన

ఆర్నే,

మూడు వారాలు నా నడవ పక్కన తిరిగి నాకు కనపడలేదా? చిన్నప్పుడూ అంతే. తప్పు చేస్తే ధాన్యం కొట్టు వెనక దాక్కునేవాడివి.

క్షమించొద్దు. నేను అడగలేదు. కానీ ఒకటి రాస్తాను. నీకు చెప్పకపోవడం సరైనదని అప్పుడు అనుకున్నాను. నువ్వు మంచులో కక్కుకుని మళ్ళీ లోపలికి వెళ్ళావని డార్లా చెప్పినప్పుడు, అమ్మా నేనూ నిన్ను తక్కువ అంచనా వేశామనిపించింది. జీవితమంతా అంచనాలు వేసి బతికినదాన్ని. ఇంట్లోవాడి దగ్గర తప్పాను. ఇంతకంటే ఎక్కువ నా చేత రాయించలేవు.

పొలం ఇంటికి రాను. అలిగి కాదు. కొత్తవాళ్ళని చేర్చుకోవద్దని ఆజ్ఞ ఉంది. నేను పోతే ఈ మంచం ఖాళీ. మర్టిల్ చెంబు వైపు చూస్తే, ఆ చూపు అందుకునేవాళ్ళు ఉండరు. స్నానాల గది ఊచలు తీయకు. నీకే పనికొస్తాయి, నడవ చివర నువ్వు కుంటుతూ నడవడం మొన్న చూశాను.

క్రిస్టీకి ఉత్తరం రాయి. బోర్డుని ఆమె ఎన్నిసార్లు అడిగిందో ఊరందరికీ తెలిసేలా చర్చిలో చెప్పు. నేను చెబితే ఎవరూ వినరు. నువ్వు చెబితే వింటారు, నిన్ను ఇంకా మంచివాడనే అనుకుంటున్నారు.

ఆర్విల్ నాతో మాట్లాడడు. నిన్న రెండు కప్పుల కాఫీ తెచ్చాడు. ఒకటి తను తాగాడు. రెండోది నా బల్ల మీద పెట్టి, ఇటు చూడకుండా మర్టిల్ వైపు తిరిగి గోధుమల ధరలు మొదలుపెట్టాడు. కాఫీ చక్కెర పాకంలా ఉంది. తాగేశాను.

ఈ శనివారం డార్లాకి సెలవు. ఆ పిల్లకి చాన్నాళ్ళ తరవాత దొరికింది, పాడుచేయకు. ఆమె బదులు కొత్తమ్మాయి వస్తుంది, నేర్పాలి. మర్టిల్‌ని తిప్పేటప్పుడు భుజం దగ్గరా తుంటి దగ్గరా పట్టుకోవాలి, చెయ్యి పట్టి లాగకూడదు. ముందు ఆమె పేరు పిలిచి, ఏం చేయబోతున్నావో చెప్పు. జవాబు రాకపోయినా చెప్పు.

పెళ్ళి ఉంగరం ఇంట్లో తీసి పెట్టి రా. ముసలివాళ్ళ చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, గీసుకుపోతుంది.

సోల్వేగ్